పుదీనాతో పోటీపడ్డ పుట్టగొడుగులు

డెబ్బై ఒకటి. ఆ అంకె వచ్చిన గురువారం నుంచి నాకు కుదురు లేదు.

అసలే నాకు కుదురు తక్కువ. చిన్నప్పుడు ఇంట్లో తీయించిన ఫొటోల్లో నా ముఖం ఒక్కదానిలోనైనా సరిగా పడలేదని అన్నయ్య ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. కానీ ఇది వేరే రకం. భోజనానికి కూర్చుని రెండు ముద్దలు తినగానే లేచి, పొయ్యి కట్టేశానో లేదో చూసి వచ్చేదాన్ని. బస్సులో సీటు దొరికినా నిలబడేదాన్ని. ఉతికి ఆరేసిన బట్టల్నే తెచ్చి మళ్ళీ నానబెట్టాను. కారణం నాకు తెలుసు. తెలియనట్టు నటిస్తున్నానంతే.

నేను ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. నా వాటాకు వచ్చిన పని యాంటీఆక్సిడెంట్లు కొలవడం. ఇంటికొచ్చిన చుట్టాలు అదేమిటని అడిగితే ఒకటే చెబుతాను: కోసిన యాపిల్ ముక్క గాలికి నల్లబడుతుంది కదా, అలాంటి చెడును అడ్డుకునే గుణం ఏ ఆకులో, ఏ కాయలో ఎంతుందో చూస్తానని. వెంటనే వాళ్ళు, అయితే ఏది తింటే ముసలితనం రాదో చెప్పమంటారు. అది నాకే తెలిస్తే ఈ కళ్ళద్దాలు ఎందుకు పెట్టుకుంటాను?

పరీక్ష చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఊదా రంగు ద్రావణం ఒకటి కలుపుకుంటాం. పరీక్షించాల్సిన పొడిని మిథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, ఆ సారంలోంచి కాస్త ఊదా ద్రావణంలో వేసి అరగంట చీకట్లో పెడతాం. సారంలో దమ్ముంటే ఊదా విరిగి పసుపులోకి దిగుతుంది. నూటికి ఎంత రంగు పోయిందో యంత్రం చెబుతుంది. మేం తూచే బరువుల్లో పుదీనా వేస్తే ఎనభై ఎనిమిది దాకా పోతుంది. కొత్తిమీర అంత కాదు గానీ ఫరవాలేదు. పుట్టగొడుగులు పాపం మధ్యరకం విద్యార్థులు. నా చేతిమీద వందల నమూనాలు నడిచాయి. ముప్పై, నలభై, మహా అయితే నలభై ఐదు.

అలాంటిది మా వదిన పుట్టగొడుగులు డెబ్బై ఒకటి కొట్టాయి.

వదిన అంటే మా అన్నయ్య భార్య. ఇంటి వెనక గదిలో మూడేళ్ళుగా పుట్టగొడుగులు పెంచుతోంది. ఉడికించిన గడ్డి కూరిన ప్లాస్టిక్ సంచులు దూలానికి వరసగా వేలాడదీసి, రోజుకు నాలుగుసార్లు నీళ్ళు చిలకరిస్తూ, తలుపు తీసినవాళ్ళందరినీ చెప్పులు విప్పమని కసురుతూ ఆ గదిని పసిపిల్లను సాకినట్టు సాకింది. పెరట్లో పుదీనా మడులు కూడా ఆవిడవే. పుట్టగొడుగులు, పుదీనా రెండూ ఎండబెట్టి పొడి కొట్టి చుట్టుపక్కల దుకాణాలకు వేస్తుంది. ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగినా పుదీనా వాసనే.

ఇప్పుడు ఆ గదికే ఎసరొచ్చింది. అన్నయ్య మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. అతను అద్దెకున్న షాపును యజమాని పడగొట్టి కొత్తది కట్టిస్తాడట, నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. దగ్గరలో ఇంకో షాపు దొరకలేదు. దొరికిన ఒక్కటీ అన్నయ్య స్తోమతుకు మించింది. ఇక మిగిలింది ఇంటి వెనక గది. అన్నయ్య ఆ మాట వదినతో అనడానికి వారం తీసుకున్నాడట. అన్నాక వదిన గొడవ పెట్టలేదు, ఒక్క గడువు అడిగింది. సూప్ పొడులు చేసే కంపెనీ ఒకటి తన పుట్టగొడుగుల పొడి తీసుకునేలా ఉందని, అది కుదిరితే కొత్త షాపు ఆలోచించుకోవచ్చని, కుదరకపోతే సంచులు తనే దించుతానని చెప్పింది. కంపెనీ ఒకటే షరతు పెట్టింది. గుర్తింపు ఉన్న ల్యాబులో యాంటీఆక్సిడెంట్ పరీక్ష చేయించాలి, ముప్పై ఐదుకు తగ్గకూడదు.

గుర్తింపు ఉన్న ల్యాబంటే మాదే. ఆ నమూనా వచ్చినప్పుడు నేను పక్కకు తప్పుకోవాలి, మనవాళ్ళది మనం చేయకూడదు. యంత్రానికి బంధువులు ఉండరు కదా అనుకుని నేనే చేశాను. డెబ్బై ఒకటి రాగానే గంతేసినంత పని చేశాను. రిపోర్టు మీద సంతకం పెట్టి కంపెనీకి పంపించాను, వదినకు ఫోన్ చేశాను. ఆవిడ ఆ అంకెను నాతో రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, తమరి చేతి చలవ అని వేళాకోళం చేసింది.

అదే సాయంత్రం బస్సు దిగి నడుస్తుంటే మొదటిసారి అనిపించింది: పుట్టగొడుగేమిటి, పుదీనా పక్కన నిలబడడమేమిటి?

శుక్రవారం ఆ ప్రశ్నను తోసేశాను. ద్రావణం పాడయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. ఊదా ద్రావణం వెలుతురు తగిలితే దానంతట అదే వెలిసిపోతుంది, అప్పుడు ప్రతిదీ గొప్పగానే కనిపిస్తుంది. పుస్తకం తీసి చూశాను. అదే రోజు అదే సీసాలోంచి పోసి చేసిన మిగతా తొమ్మిదీ చక్కగా తమ హద్దుల్లోనే ఉన్నాయి. తూకం తప్పానేమో అనుకున్నాను. తూకం యంత్రం కొట్టిన చీటీ పుస్తకంలోనే అతికించి ఉంది, దాన్ని అనుమానించే వీల్లేదు. ఇక మిగిలింది ఒక్కటే. చేసిన ప్రతి సారాన్నీ పదిహేను రోజులు ఫ్రిజ్‌లో దాచి ఉంచుతాం. రోజంతా ఆ ఫ్రిజ్ ముందునుంచి పదిసార్లు నడిచాను, తలుపు తీయలేదు.

శనివారం తీశాను. వదిన నమూనా తాలూకు చిన్న సీసా పట్టుకుని కిటికీ దగ్గర తెల్ల కాగితం ముందు పెట్టి చూశాను. పచ్చగా ఉంది. ఆకుపచ్చ. మరీ ముదురు కాదు, కాని కళ్ళున్నవాళ్ళెవరైనా ఆకుపచ్చే అంటారు. పుట్టగొడుగుల సారం ఏనాడూ ఆ రంగులో ఉండదు, లేత పసుపులో ఉంటుంది. ఆ పచ్చదనం ఆకుల్లోంచి మాత్రమే వస్తుంది.

నా పుస్తకంలో ఆ నమూనాకు ఎదురుగా, సారం రంగు అనే గడిలో, నా చేతిరాతతోనే "లేత పసుపు" అని ఉంది.

అదెలా జరిగిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. మా దగ్గర పని మొదలుపెట్టే ముందే పుస్తకంలో సగం గడులు నింపేసుకుంటాం. పుట్టగొడుగులైతే లేత పసుపు, పుదీనా అయితే ముదురు ఆకుపచ్చ, వాసన మామూలు, మడ్డి లేదు. ఎప్పుడూ అవే కదా వచ్చేవి. చేతులు తడిగా ఉన్నప్పుడు కలం పట్టుకోవడం ఎందుకని. నేనే కొత్తవాళ్ళకు నేర్పించాను ఆ సుళువు. గురువారం వడకట్టేటప్పుడు ఆ పచ్చదనాన్ని నేను చూశాను కూడా. చూసి, గడి నిండే ఉంది కాబట్టి పక్క సీసా అందుకున్నాను.

ఆ మధ్యాహ్నం నా తప్పు నాకు గుర్తుకు రాలేదంటే నమ్మండి. గుర్తొచ్చింది వదినే. అంకె పెరగాలని పుట్టగొడుగుల పొడిలో పుదీనా కలిపింది, నన్ను అడ్డం పెట్టుకుని గట్టెక్కాలని చూసింది అనుకున్నాను. ఇంత నమ్మితే ఇలా చేస్తుందా అని ముక్కు ఎర్రబడింది. ఆదివారం పొద్దున కాఫీ కూడా తాగకుండా వాళ్ళింటికి వెళ్ళాను.

వదిన వెనక గదిలో ఉంది. నడుముకు కొంగు దోపి, సంచులకు కోసిన గాట్లలోంచి గుత్తులు గుత్తులుగా బయటికొచ్చిన పుట్టగొడుగులను మెలితిప్పి కోస్తోంది. గదంతా తడి గడ్డి వాసన, గోడలకు చెమ్మ. నన్ను చూడగానే, ఆడపడుచు గారు పొద్దున్నే వేంచేశారు, స్వీట్లు తెచ్చారా అని నవ్వింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి అడిగాను.

"పొడిలో ఏం కలిపావు వదినా?"

నవ్వు వెంటనే పోలేదు ఆవిడ ముఖంలోంచి. నేను హాస్యమాడుతున్నానేమో అనుకుంది. తర్వాత పోయింది. కోసిన గుత్తిని బుట్టలో పెట్టి, చేతులు తుడుచుకుని, ఏమైందో చెప్పమంది. పచ్చగా ఉన్న సీసా సంగతి చెప్పాను. అందులో పుదీనా ఉందని, అది లేకుండా డెబ్బై ఒకటి రాదని చెప్పాను. ఆవిడ వంటింట్లోకి నడిచింది, నేను వెనకే వెళ్ళాను.

గట్టు మీద మిక్సీ ఉంది. అన్నయ్య మూడుసార్లు వైండింగ్ మార్చిన పాతది. దాని జారు చూపించి వదిన తన పద్ధతి చెప్పింది. పొడి కొట్టే రోజుల్లో ఆ జారుకు ఆవిడ నీళ్ళు తగలనివ్వదు. చుక్క తడి మిగిలినా పుట్టగొడుగుల పొడి ముద్దకట్టి బూజు పడుతుంది. అందుకని ముందు పుదీనా కొట్టేసి, పొడిగుడ్డతో తుడిచి, తర్వాత ఒక గుప్పెడు పుట్టగొడుగు ముక్కలు వేసి తిప్పుతుంది. మూలల్లో, బ్లేడు కింద ఇరుక్కున్న పుదీనా అంతా ఆ మొదటి వాయితో వచ్చేస్తుంది. ఆ వాయిని అమ్మే పొడిలో కలపదు. ఒక డబ్బాలో వేసి ఇంట్లో వంటకు వాడుకుంటుంది. రెండో వాయి నుంచే అమ్మకానికి.

మరి ల్యాబుకు ఏది ఇచ్చావని అడిగాను.

వదిన ఆ డబ్బా వైపు చూసింది. మూత తీసింది. బూడిద రంగు పొడి, దగ్గరగా చూస్తే పచ్చటి నలుసులు.

"పరీక్షకేగా అనుకున్నానమ్మా. ఏదో మందులో నానబెట్టి పారబోస్తామని నువ్వే చెప్పావు కదా. పారబోసేదానికి మంచి పొడి ఎందుకని ఇందులోంచి పోశాను."

నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆవిడకూ వచ్చింది. లోకంలో ఎవరైనా పరీక్షకు మేలైనది ఏరి ఇస్తారు. మా వదిన పొదుపుకు పోయి అడుగూ బొడుగూ ఊడ్చి ఇచ్చింది. ఇద్దరం గట్టుకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక ఆవిడే అడిగింది, సీసాలోది అంత పచ్చగా ఉన్నప్పుడు మీ చదువులకు అది ఆరోజే కనిపించదా అని.

అబద్ధమాడే వీలుంది, ఆడలేకపోయాను. గడులు ముందే నింపే సంగతి చెప్పాను. చూసి కూడా మార్చలేదని చెప్పాను. వదిన డబ్బా మూత పెట్టింది, సరిగా పడలేదని తీసి మళ్ళీ పెట్టింది.

"గుమ్మంలోంచే నన్ను ఏం కలిపావని అడిగావు. నేను నిన్ను ఏం రాశావని అడిగానా?"

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అని ఉంటే నాకు బావుండేది. తిట్టినా, బయటికి పొమ్మన్నా ఇంత మండేది కాదు. మూడేళ్ళుగా ఆ ఇంటికి ఏ పూట వెళ్ళినా నాకు కంచం పెట్టిన మనిషిని దొంగ అనుకున్నాను, నా పుస్తకంలో దొంగతనం ఉండగా.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆలోచించాం. దాచిపెడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. కంపెనీ సరుకు దిగగానే తన మనుషులతో మళ్ళీ పరీక్ష చేయిస్తుంది. అప్పుడు అంకె సగానికి పడితే వదిన మోసగత్తె కింద లెక్క. కాబట్టి సోమవారం నేనే మా మేడమ్‌కు చెబుతానన్నాను, రిపోర్టు వెనక్కి తీసుకుని కొత్త నమూనాతో మళ్ళీ చేయిస్తానన్నాను. అంతవరకు ఎవరితోనూ నోరు విప్పవద్దని వదినకు పదేపదే చెప్పాను. ఆవిడ తలూపింది. జారు కడిగి, ఎండలో ఆరబెట్టి, కొత్తగా ఎండిన ముక్కలు పొడి కొట్టి ఇచ్చింది. ఇవ్వబోతూ, అసలు తన పుట్టగొడుగులకు ఎంతొస్తుందని అడిగింది. చేస్తే గానీ తెలియదన్నాను.

సోమవారం ల్యాబుకు అందరికంటే ముందు వెళ్ళాను. రిపోర్టు వెనక్కి తీసుకోవడానికి ఒక ఫారం ఉంది. దానిలో కారణం రాయడానికి ఉన్నది ఒక్క వరస. కలం పట్టుకుని ఆ ఒక్క వరస ముందు అరగంట కాలుగాలిన పిల్లిలా తిరిగాను. "నమూనాలో వేరే పదార్థం కలిసింది" అని రాస్తే నిజమే, కానీ ఆ మాట చదివిన కంపెనీ వదిన గుమ్మం తొక్కదు. కావాలని కలిపిందో, జారులోంచి వచ్చిందో ఆ వరసలో పట్టదు. చివరికి "పరీక్షించిన వ్యక్తి పొరపాటు, తూకంలో తేడా" అని రాసి సంతకం పెట్టాను. తూకంలో తేడా లేదు. పొరపాటు నాదే కాబట్టి ఏ పొరపాటైతేనేం అనుకున్నాను. నా చేతులారా రెండో అబద్ధపు గడి నింపాను.

మా మేడమ్ మాటకారి కాదు. ఫారం చదివి, మొదటిసారి కాబట్టి హెచ్చరికతో సరిపెడతానని, కొత్త నమూనా వేరేవాళ్ళు చేస్తారని చెప్పి కంపెనీకి ఫోన్ కలిపింది. అవతల కొనుగోళ్ళ ఆఫీసరు ఏదో చెబుతోంది, మేడమ్ వింటోంది, వింటూ నా ఫారం వైపు చూస్తోంది.

గంట క్రితమే మా వదిన ఆ ఆఫీసరుకు ఫోన్ చేసిందట. తప్పంతా తనదేనని, పుదీనా కొట్టిన జారులోని పొడి ఇచ్చానని, ల్యాబులో అమ్మాయి చాలా జాగ్రత్తపరురాలని, ఆమె తప్పు వీసమంత లేదని, దయచేసి ఆమె ఉద్యోగానికి ఏమీ కాకుండా చూడమని వేడుకుందట. అంత శ్రద్ధ ఎందుకో ఆఫీసరుకు అర్థం కాక ఆ అమ్మాయి మీకు ఏమవుతుందని అడిగిందట. మా వదిన అబద్ధం చెప్పడం రాని మనిషి. ఆడపడుచు అని చెప్పేసింది.

ఫోన్ పెట్టేసి మేడమ్ తూకం చీటీ తెప్పించి చూసింది. తర్వాత ఫ్రిజ్‌లోంచి సీసా తెప్పించింది. అప్పుడు నన్ను చూసింది.

"ఆవిడ నిన్ను కాపాడాలని సగం చెప్పింది. నువ్వు ఆవిడను కాపాడాలని ఇంకో సగం, అదీ తప్పుగా రాశావు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, కలిసి చేసి దొరికిపోయిన వాళ్ళలా ఉన్నారు. నేనైనా అలాగే అనుకునేదాన్ని."

జరిగింది జరిగినట్టు చెప్పాను, గడుల సంగతితో సహా. మేడమ్ నమ్మింది. నమ్మింది కాబట్టే ఉద్యోగం మిగిలింది, ఆరు నెలలు రిపోర్టుల మీద సంతకం పెట్టే హక్కు మాత్రం పోయింది. ఆ మధ్యాహ్నమే పుస్తకాలన్నీ మార్పించి, పని అయ్యాక తప్ప గడి నింపితే ఊరుకునేది లేదని అందరికీ చెప్పింది. కంపెనీకి మాత్రం నమ్మాల్సిన అవసరం ఏముంది? పుట్టగొడుగులు పెంచేవాళ్ళు వాళ్ళకు బోలెడుమంది. బుధవారానికల్లా ఇంకొకరితో ఒప్పందం చేసుకున్నారు.

వదినకు ఆ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు పోట్లాడుకున్నాం. నోరు విప్పవద్దని చెప్పానా లేదా అని నేను, నీ ఉద్యోగం పోతుంటే చూస్తూ కూర్చోమంటావా అని ఆవిడ. నేను రాసింది నీకోసమే అని నేను, ఎవరు రాయమన్నారని ఆవిడ. అన్నయ్య చేతిలో స్క్రూడ్రైవరుతో వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరిని సముదాయించాలో తెలియక ఫ్యాను రెగ్యులేటరు తిప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి వదిన సంచులకు నీళ్ళు చిలకరించలేదని తర్వాత చెప్పాడు.

శుక్రవారం భోజనాల విరామంలో మేడమ్‌ను ఒక్కటి అడిగాను. రిపోర్టు వద్దు, సంతకం వద్దు, ఆ కొత్త పొడిని నా సొంతానికి ఒకసారి చేసుకోనివ్వమన్నాను. ఎందుకని అడిగింది. ఇంత గొడవ జరిగినా ఆ పుట్టగొడుగుల్లో నిజంగా ఎంతుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదని, ఆవిడ అడిగితే నేను జవాబు చెప్పలేదని అన్నాను. మేడమ్ తాళాలు ఇచ్చింది. వదినకు ఫోన్ చేసి, నువ్వడిగిన పరీక్ష ఇవాళ చేస్తానని ఒక్క మాట చెప్పి పెట్టేశాను.

చేశాను. వడకట్టిన సారాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి చూశాను, లేత పసుపు. చూశాకే రాశాను. అరగంట చీకట్లో పెట్టాల్సిన సీసాల ముందు ఆ అరగంటా కూర్చోలేకపోయాను, మెట్లు దిగి ఎక్కి దిగి ఎక్కాను. మూడుసార్లు కొలిచాను. నలభై మూడు, నలభై రెండు, నలభై మూడు.

కంపెనీ అడిగింది ముప్పై ఐదు.

అంకె పక్కన గీత గీయడానికి కూడా చేయి రాలేదు. పుదీనా అక్కర్లేదు, నా అడ్డదారి అక్కర్లేదు, వదిన వేడుకోళ్ళు అక్కర్లేదు. రెండో వాయి పొడి నాలుగు చెంచాలు పంపి ఉంటే, లేదా నేను ఒక్కసారి తలెత్తి రంగు చూసి ఉంటే, ఆ గది నిలిచేది. యంత్రం ఆపేసి స్టూలు మీద కూర్చుని బాగా ఏడ్చాను.

శనివారం అన్నయ్య సామాను మారుస్తున్నాడు. నేను వెళ్ళేసరికి సగం సంచులు దించేశారు. పెరట్లో గోడవారగా తడిగడ్డి సంచులు కుప్పగా ఉన్నాయి. అన్నయ్య బయట ఆటోలోంచి ఫ్యాన్ల పెట్టెలు దింపుకుంటున్నాడు. వదిన గదిలో ఒంటరిగా దూలానికి మిగిలిన తాళ్ళు విప్పుతోంది. నన్ను చూసి స్టూలు పట్టుకోమంది. పట్టుకున్నాను. పైనుంచే అడిగింది, చేశావా అని. అడుగుతుందని తెలుసు. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాను. తక్కువ చెబితే ఆవిడకు తేలిక, కాని ఇంకోసారి ఆవిడ ముందు తప్పు అంకె చెప్పడం నావల్ల కాదు.

"నలభై మూడు."

తాడు ముడి విప్పడం ఆపలేదు. రెండు ముళ్ళు విప్పింది. తర్వాత దిగి, స్టూలు మీదే కూర్చుంది.

"అయితే చాలేది కదమ్మా" అంది.

అవునన్నాను. ఇంకా ఏదో చెప్పాలని, తప్పు నాదని, క్షమించమని అనబోయాను. వదిన వినిపించుకోలేదు. గుమ్మం వైపు చూస్తోంది. బయట అన్నయ్య ఎవరితోనో, మెల్లగా, మెల్లగా, కింద పెట్టు అంటున్నాడు.

"మీ అన్నకు చెప్పకు. గది అడగలేక వారం రోజులు నా చుట్టూ తిరిగాడు మనిషి. ఇది తెలిస్తే ఇక్కడ బల్ల వేసుకుని కూర్చున్న ప్రతిరోజూ ఇదే తలుచుకుంటాడు. నేను ఎలాగో ఓర్చుకుంటాను. ఆయన ఓర్చుకోలేడు."

అన్నయ్య పెట్టె మోసుకుంటూ లోపలికి వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, అలవాటుగా చెప్పులు విప్పాడు. పెట్టె దించి, నడుం పట్టుకుని నిలబడి, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. నిన్న ఏదో పరీక్ష చేస్తానన్నావట, ఎంతొచ్చిందని నన్ను అడిగాడు. మామూలుగా అడిగినట్టే అడిగాడు గానీ, కళ్ళు మాత్రం నా మీదనుంచి తీయలేదు.

వదిన తాళ్ళను చుట్టగా చుడుతోంది.

"ఇరవై ఎనిమిది" అన్నాను.

అన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. అంటే ఎలాగూ వాళ్ళు తీసుకునేవాళ్ళు కాదన్నమాట అన్నాడు, ఒకసారి నాతో, ఇంకోసారి తనలో తనే. తర్వాత వదిన చేతిలోంచి తాళ్ళ చుట్ట తీసుకుని, పోనీలే, ఇన్నాళ్ళూ ఈ గదిలో పుట్టగొడుగులకే మర్యాదలు జరిగాయి, ఇకనైనా మొగుడికి జరుగుతాయేమో చూద్దాం అన్నాడు. అది ఆ వారంలో అతను ఆడిన మొదటి పరాచికం. వదిన నవ్వింది. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే అనుమానపడతాడని.